అడిగితే చెప్తా: ఈ నెలంతా పిల్లల యూరోవిజన్ గోలే

పోయిన నెల ఒకావిడ "మా పాప యూట్యూబ్ లో ఏవో విదేశీ పిల్లల పాటల పోటీ చూస్తూ కూర్చుంటోంది, అదేంటో చెప్పండి" అని అడిగితే, జూనియర్ యూరోవిజన్ అంటారండీ, యూరప్ దేశాలు ఏడాదికోసారి తలా ఒక పిల్లనో పిల్లాడినో పంపించి లైవ్ లో పాడిస్తాయి, అని రెండు ముక్కల్లో తేల్చేశా. అంతే, తేనెతుట్టె కదిలింది. ఇంతమంది ఇళ్ళల్లో పిల్లలు ఇదే చూస్తున్నారని నాకేం తెలుసు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశా, వంటగ్యాస్ గురించి అడిగినాయన ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: అసలిది ఎవరు మొదలుపెట్టారు? పెద్దవాళ్ళ యూరోవిజన్ కి దీనికి చుట్టరికం ఏంటి?

జవాబు: చుట్టరికం రక్తసంబంధమే. రెండూ నడిపేది ఈబీయూ, అంటే యూరోపియన్ బ్రాడ్ కాస్టింగ్ యూనియన్, అక్కడి ప్రభుత్వ టీవీ, రేడియో సంస్థల సంఘం. పెద్దవాళ్ళది 1956 నుంచీ ఉంది. పిల్లలది మాత్రం డెన్మార్క్ వాళ్ళ బుర్రలోంచి వచ్చింది, 2000లో వాళ్ళు తమ టీవీలో పిల్లల పాటల పోటీ ఒకటి పెడితే అది బాగా ఆడింది, 2002లో నార్వే, స్వీడన్ లని కూడా కలుపుకున్నారు, ఇది చూసిన ఈబీయూ భలే ఉందే అని 2003 నవంబర్ 15న కోపెన్ హాగన్ లో 16 దేశాలతో మొదటి జూనియర్ యూరోవిజన్ పెట్టేసింది. గెలిచింది క్రొయేషియా కుర్రాడు డీనో యెలూసిచ్, పదకొండేళ్ళవాడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. పందిరి వేసిన డెన్మార్కే మూడేళ్ళు తిరక్కుండా పెళ్ళిలోంచి లేచిపోయింది, 2005 తర్వాత వాళ్ళూ నార్వే వాళ్ళూ తప్పుకున్నారు. పిల్లల మీద ఒత్తిడి మరీ ఎక్కువైంది, ఇది పిల్లల పోటీలా లేదు అన్నది వాళ్ళ బాధ. పోయి తమ పాత నార్డిక్ పోటీనే మళ్ళీ తెరుచుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

ప్రశ్న: అంకుల్, నాకు పన్నెండేళ్ళు. నేను ఇక్కడి నుంచి ఓటు వేయొచ్చా? మన దేశం ఎందుకు లేదు?

జవాబు: వేయొచ్చు నాన్నా, నిజంగానే. 2017 నుంచీ ఫోన్ ఓట్లు కాకుండా ఆన్ లైన్ ఓటింగ్ పెట్టారు, ప్రపంచంలో ఎక్కడినుంచైనా వేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఒక్క పాటకే గుద్దేసి వెళ్ళిపోతానంటే కుదరదు, మూడు పాటలు ఎంచుకోవాలి. ఎందుకంటే ఇక్కడ ఎవరి దేశానికి వాళ్ళు కూడా ఓటేసుకోవచ్చు, పెద్దల పోటీలో అది లేదు, మరి అందరూ తమ దేశానికే వేసుకుని కూర్చుంటే పోటీ ఏం మిగుల్తుంది, అందుకని ఇంకో రెండు పాటలకీ వేసి తీరాలన్నమాట. ఫైనల్ కి ముందు కొంతసేపు ఓటింగ్ తెరిచి ఉంటుంది, షో మొదలయ్యే ముందు ఆపేస్తారు, అందరూ పాడేశాక మళ్ళీ ఒక పావుగంట తెరుస్తారు. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని వెయ్యి.

అయితే నీ ఓటు సగమే. మిగతా సగం మార్కులు దేశాల జ్యూరీలవి, వాటిల్లో పెద్దవాళ్ళతో పాటు పిల్లలు కూడా ఉంటారు. అందుకే ఒక్కోసారి జనం ఒకటి తలిస్తే జ్యూరీ ఇంకోటి తలుస్తుంది, 2022లో ఆన్ లైన్ ఓట్లలో అందరికంటే పైన నిలిచింది బ్రిటన్ అమ్మాయి ఫ్రేయా స్కై, కానీ జ్యూరీల మార్కులు కలిపేసరికి ఐదో స్థానం. గెలిచింది ఫ్రాన్స్.

మన దేశం అంటావా, ఇది ఈబీయూ మెంబర్ టీవీల పోటీ, అందుకే లేదు. మరి ఆస్ట్రేలియా ఎలా వచ్చింది అని నువ్వు అడుగుతావని తెలుసు, 2015 నుంచి 2019 దాకా వాళ్ళు ప్రత్యేక ఆహ్వానం మీద వచ్చారు, తర్వాత రావడం మానేశారు.

ప్రశ్న: నేను సంగీతం టీచర్ని. పెద్దల యూరోవిజన్ లో సగం పైన ఇంగ్లిషే వినిపిస్తుంది, పిల్లల దాంట్లో మాత్రం రకరకాల భాషలు వింటున్నా. యాదృచ్ఛికమా, రూలా?

జవాబు: రూలేనండీ మేడం, నాకు ఈ పోటీలో అన్నిటికంటే నచ్చేది కూడా ఆ రూలే. పాటలో కనీసం 60 శాతం ఆ దేశం సొంత భాషలో ఉండాలి. మిగతా 40 శాతం ఇంగ్లిషైనా ఇంకేదైనా. మొదట్లో ఇంకా గట్టిగా ఉండేది, పరాయి భాష వాటా చాలా కొంచెం. రాన్రాను వదులు చేశారు, ఇంకా వదులు చేస్తారేమోనని నా భయం నాది.

దీనివల్ల ఏమైందో చూడండి. ఐర్లాండ్ ఉంది కదా, పెద్దల యూరోవిజన్ లో వాళ్ళు దశాబ్దాలుగా ఇంగ్లిష్ లోనే పాడుతున్నారు, అదే పిల్లల పోటీకి 2015లో మొదటిసారి వచ్చినప్పుడు పంపిన చానెల్ టీజీ4, అది ఐరిష్ భాషా చానెల్, అందుకని పిల్లలు ఐరిష్ లో పాడారు, ఇంట్లో రోజూ మాట్లాడేవాళ్ళు తక్కువైపోయిన ఆ భాష ఒక్క సాయంత్రం యూరప్ మొత్తానికి వినపడింది. 2022లో నాలుగో స్థానం దాకా వచ్చారు కూడా. వేల్స్ ఇంకా చిత్రం. అది బ్రిటన్ లో భాగం, పెద్దల పోటీలో దానికి వేరే కుర్చీ లేదు, కానీ 2018, 2019లో వెల్ష్ భాషా చానెల్ ఎస్4సీ తరఫున విడిగా వచ్చి వెల్ష్ లో పాడారు. మొదటిసారి 20 దేశాల్లో 20వ స్థానం. అయినా మళ్ళీ ఏడాది వచ్చారు చూశారా, అదీ.

ఇక రూలు ఉన్నచోట సందు ఉంటుంది. మాల్టాలో ఇంగ్లిష్ కూడా అధికార భాషే, కాబట్టి వాళ్ళు దర్జాగా ఇంగ్లిష్ లో పాడతారు, 2013లో, 2015లో అలాగే గెలిచారు. పక్కవాళ్ళు పళ్ళు నూరుకోవడం తప్ప చేసేదేం లేదు. అందరికంటే గడుసువాళ్ళు జార్జియా పిల్లలు, 2008లో బ్జికెబి అని ముగ్గురు పిల్లలు తేనెటీగల్లా జుయ్ జుయ్ మంటూ ఏ దేశానికీ చెందని ఊహా భాషలో పాడి ఏకంగా కప్పు ఎత్తుకుపోయారు. అర్థం ఒక్క ముక్క లేదు, ఒకసారి వింటే మాత్రం రెండు రోజులు నోట్లోంచి పోదు. మీ క్లాసులో పిల్లలకి వినిపించకండి, తర్వాత సరిగమలు పలకరు.

ప్రశ్న: ఆ పాటలు నిజంగా పిల్లలే రాస్తారా? నాకు నమ్మకం లేదు. పాడటం కూడా లైవేనా, పెదాలు ఆడించడమా?

జవాబు: రెండోదానికి ముందు చెప్తా, మెయిన్ గొంతు లైవే. వెనక వాయిద్యాలు రికార్డువి.

మొదటిదానికి, మీ అనుమానం సగం కరెక్టే సార్. మొదలుపెట్టినప్పుడు రూలు ఏంటంటే పాట రాసేది, కట్టేది కూడా పిల్లలే. 2008 నుంచి పెద్దవాళ్ళు సాయం చేయొచ్చు అన్నారు. సాయం అన్న మాట ఎంత సాగుతుందో మనకి తెలియనిదా, స్కూల్ ప్రాజెక్టులకి మనమూ సాయమే చేస్తాం కదా, చివరికి పిల్లాడు చేసేది పేరు రాసుకోవడం. ఇప్పుడు పాటల క్రెడిట్స్ చూస్తే పెద్దల పోటీకి రాసే ప్రొఫెషనల్స్ పేర్లు కనిపిస్తాయి. పాట నున్నగా ఉంటుంది, ఎక్కడా గుచ్చుకోదు, అదే నా కంప్లైంటు. పాత ఏళ్ళవి వినండి, ట్యూన్ ఎటో పోతుంది, ర్యాప్ మధ్యలో వచ్చి పడుతుంది, డాన్సులో ఒకడు ఎడమకి తిరిగితే ఇంకొకడు కుడికి, కానీ అది పదేళ్ళ పిల్ల బుర్రలోంచి వచ్చిందని తెలిసిపోతుంది.

2004లో లిల్లెహామర్ లో గెలిచిన స్పెయిన్ అమ్మాయి మరియా ఇసబెల్ వయసు 9. సాదాసీదాగా ఉండేకంటే చావడం మేలు అని ఆ పాట పల్లవి, లిప్ స్టిక్కులూ రంగులూ హంగులూ, ఆ నడుం మీద చెయ్యి పెట్టుకున్న పోజూ. 171 మార్కులు. స్పెయిన్ లో అప్పట్లో అది పెద్ద హిట్టు. ఇప్పుడైతే మీటింగ్ లో కూర్చున్న పెద్దలెవరో ఆ లైను కొట్టేస్తారని నా నమ్మకం.

ప్రశ్న: మా అమ్మాయి చిన్న చిన్న పోటీల్లో పాడుతుంది. ఓడితే రెండు రోజులు తిండి తినదు. ఇంత పెద్ద స్టేజి మీద, అన్ని దేశాలు చూస్తుండగా ఆఖరున వచ్చిన పిల్లల సంగతి ఏంటి? అది తలుచుకుంటేనే నాకు కడుపులో దేవేస్తోంది.

జవాబు: మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆగానమ్మా, ఎందుకంటే నేను ఈ పోటీ చూడటం మొదలుపెట్టిన కొత్తల్లో మార్కులు చెప్పే భాగం వచ్చినప్పుడు టీవీ ఆపేసేవాణ్ణి, పాటలు విని లేచిపోయేవాణ్ణి.

పెద్దల యూరోవిజన్ లో సున్నా మార్కులు రావడం అంటే అదో జోకు, మర్నాడు పేపర్లన్నీ దాని మీదే. పిల్లలకి అలా జరక్కూడదని 2005లో ఒక పని చేశారు, పాడిన ప్రతి దేశానికీ ముందే 12 మార్కులు ఇచ్చేశారు, అంటే స్కోర్ బోర్డు తెరుచుకునేసరికే అందరి పేరు పక్కనా 12 ఉంటుంది, ఇక అక్కడినుంచి లెక్క. లెక్కల్లో చూస్తే దానివల్ల ఎవరి స్థానమూ మారదు, అందరికీ కలిపితే ఎవరికీ కలపనట్టే. కానీ సున్నా దగ్గర ఒంటరిగా కూర్చున్న పిల్ల మొహం మీదకి కెమెరా వెళ్ళదు. ఈ పోటీకి పెట్టిన రూల్స్ అన్నిట్లో మనసున్న రూలు ఇదే అని నేనంటా. 2015 దాకా నడిచింది, 2016లో మార్కుల పద్ధతి మార్చినప్పుడు తీసేశారు. ఇప్పుడు ఆన్ లైన్ ఓట్లని వాటాల్లెక్కన పంచుతారు కాబట్టి ఎలాగూ అందరికీ ఎంతో కొంత పడుతుంది, ఈ పోటీలో ఇంతవరకూ ఎవరికీ సున్నా రాలేదు.

వయసు సంగతి కూడా ఇలాగే అటూ ఇటూ లాగారు. మొదట 8 నుంచి 15 ఏళ్ళు, 2007లో 10 నుంచి 15 చేశారు, 2016 నుంచీ 9 నుంచి 14. ఎనిమిదేళ్ళ పిల్లని అంత పెద్ద హాల్లో నిలబెట్టడం తప్పని వాళ్ళకే అనిపించినట్టుంది.

అయినా డెన్మార్క్ వాళ్ళ బాధలో న్యాయం ఉందని ఒప్పుకుంటా. పిల్లలకి 12 మార్కులు ముందే ఇవ్వొచ్చు, కానీ ఇంటి దగ్గర "మన దేశం పరువు" అంటూ కూర్చునే పెద్దవాళ్ళ నోళ్ళు ఎవరు మూస్తారు. మీ అమ్మాయి రెండు రోజులు తినకపోవడం గురించి ఒక్కటే అడుగుతా, ఏమీ అనుకోకండి, ఆ రెండు రోజులూ ఇంట్లో మిగతావాళ్ళు దాని గురించే మాట్లాడుతున్నారా? మా ఇంట్లో అయితే అదే జరిగేది. పిల్లాడు మర్నాటికి మర్చిపోయేవాడు, మేం మర్చిపోనిచ్చేవాళ్ళం కాదు.

ఆ మధ్యలో ఒక ఇంటి కథ చెప్పనా. ఉక్రెయిన్ లో పెట్రిక్ అక్కాచెల్లెళ్ళు. అక్క విక్టోరియా 2008లో రెండో స్థానం, పైన చెప్పిన ఆ తేనెటీగల చేతుల్లోనే ఓడింది. నాలుగేళ్ళకి, 2012లో ఆమ్ స్టర్ డామ్ లో చెల్లెలు అనస్తాసియా వెళ్ళి గెలుచుకొచ్చింది, ఆ పిల్ల స్టేజి మీద గొంతెత్తితే ఒళ్ళు జలదరిస్తుంది. ఓడిన ఇంట్లో పాట ఆగలేదు కదా.

ప్రశ్న: అతి తక్కువ తేడాతో గెలిచింది ఎవరు? బెట్ కట్టా, తొందరగా చెప్పండి.

జవాబు: ఒక్క మార్కు తేడా, రెండుసార్లు. 2007లో బెలారుస్ 137, ఆర్మేనియా 136. మూడేళ్ళకి 2010లో అదే ఆర్మేనియా 120, రష్యా 119. పోయిన ఒక్క మార్కు వడ్డీ లేకుండా వెనక్కొచ్చింది. బెట్ లో నా వాటా పంపించండి.

ప్రశ్న: గెలిస్తే ఏమిస్తారు? ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతున్నారు, లేక కనిపించకుండా పోతున్నారా?

జవాబు: ఇచ్చేది గాజు మైకు లాంటి ట్రోఫీ, కోట్ల బహుమతి ఏం లేదు. గెలిచిన దేశం మరుసటి ఏడాది హోస్ట్ చేయాలన్న బలవంతం కూడా పెద్దల పోటీలో ఉన్నట్టు ఇక్కడ ఉండదు, ఇప్పుడు ముందుగా వాళ్ళనే అడుగుతారు, సరే అంటే సరే. 2018లో పోలండ్ తరఫున రోక్సానా వెంగ్యెల్ గెలిస్తే 2019లో వాళ్ళే గ్లివిత్సేలో పెట్టుకుని, మళ్ళీ వాళ్ళే గెలిచారు, వికీ గాబోర్ పాడింది. వరసగా రెండుసార్లు గెలవడం అదే మొదటిసారి.

పెద్దయ్యాక అంటే, చాలామంది కనిపిస్తూనే ఉన్నారు. 2006లో తొమ్మిదేళ్ళ వయసులో గెలిచిన రష్యా కవలలు టొల్మచోవా సిస్టర్స్ 2014లో పెద్దల యూరోవిజన్ కి వెళ్ళి ఏడో స్థానం తెచ్చుకున్నారు. మాల్టా డెస్టినీ 2015లో 185 మార్కులతో గెలిచింది, 2021లో పెద్దల పోటీలో ఏడు. ఏడో నంబర్ మీద వీళ్ళకి ఏం మోజో. పిల్లల పోటీలోంచి పెద్దల పోటీకి మొట్టమొదట దారి వేసింది మాత్రం సెర్బియా అమ్మాయి నెవెనా బొజోవిచ్, 2007లో ఇక్కడ మూడో స్థానం, 2013లో ముగ్గురమ్మాయిల గ్రూపులో పెద్దల యూరోవిజన్ కి, 2019లో ఒక్కతే మళ్ళీ. నెదర్లాండ్స్ నుంచి 2007లో వచ్చిన ముగ్గురు అక్కాచెల్లెళ్ళు పదేళ్ళ తర్వాత ఓజీన్ అనే పేరుతో పెద్దల స్టేజి ఎక్కారు.

నాకు ముచ్చటగా అనిపించేది మొదటి విజేత డీనో. చక్కగా తెల్లారి స్కూలుకెళ్ళే బాబులా ఉన్న ఆ పదకొండేళ్ళవాడు ఇప్పుడు జుట్టు పెంచుకుని అరిచి పాడే రాక్ సింగర్, 2021లో వైట్ స్నేక్ అనే పాత పెద్ద బ్యాండ్ లో చేరాడు. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వాగదు. స్వీడన్ నుంచి 2006లో మూడో స్థానం వచ్చిన మాలీ సాండెన్ గొంతు అయితే ఆస్కార్ కి నామినేట్ అయిన పాటలో వినిపించింది, 2021 ఆస్కార్ వేడుకకి ఆ అమ్మాయే పాడింది.

ప్రశ్న: పిల్లల పోటీ, స్నేహం అని రాశారు. మరి రష్యా పిల్లల్ని ఎందుకు రానివ్వట్లేదు? ఇదంతా రాజకీయమే. మీరు తియ్యటి మాటలు రాయడం మానండి.

జవాబు: స్నేహం అన్న మాట నేను రాయలేదు సార్, పాతది తిరగేసి చూశా, లేదు. సరే, విషయానికొస్తే బెలారుస్ టీవీని ఈబీయూ 2021లో పక్కన పెట్టింది, 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా టీవీలూ పోయాయి. అప్పటికి బెలారుస్ రెండుసార్లు, రష్యా రెండుసార్లు గెలిచి ఉన్నాయి. పాడేది పిల్లలే అయినా పంపేది ప్రభుత్వ టీవీ, అదీ మెలిక. ఆ దేశాల పిల్లల తప్పేం లేదు, ఒప్పుకుంటా. కానీ యుద్ధం జరుగుతుండగా ఉక్రెయిన్ పిల్లలు వచ్చి పాడుతుంటే పక్కన రష్యా టీవీ వాళ్ళు జెండా ఊపడం కుదిరే పని అని మీరు అంటారా? నేననను. ఇందులో తియ్యటిదేం లేదు.

ప్రశ్న: కరోనా టైంలో కూడా జరిగిందట కదా, ఎలా?

జవాబు: 2020లో వార్సాలో పెట్టారు, 12 దేశాలే వచ్చాయి. పిల్లలు చాలామంది ఎవరి దేశంలో వాళ్ళే ఒకేలాంటి సెట్ మీద పాడి ముందే రికార్డు చేసి పంపారు. ఫ్రాన్స్ నుంచి వలెంటీనా గెలిచింది, మొదటిసారి ఫ్రాన్స్ కి. ఆ ఊపు చూడండి, 2022, 2023 కూడా వాళ్ళవే.

ప్రశ్న: మా ఇంట్లో పిల్లలతో కూర్చుని చూద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పాటలు గెలుస్తాయో ముందే చెప్పే కిటుకు ఏమన్నా ఉందా?

జవాబు: వీళ్ళకి సొంత యూట్యూబ్ చానెల్ ఉంది, పాత పాటలన్నీ పడి ఉంటాయి, ఫైనల్ లైవ్ కూడా అందులోనే వస్తుంది. ఒక్కో పాట మూడు నిమిషాలు దాటదు, అదీ రూలే, కాబట్టి పిల్లలు విసుక్కునేలోపు అయిపోతుంది. ముందు 2008 తేనెటీగలు పెట్టండి, పిల్లలు పడిపోతారు. తర్వాత 2012 అనస్తాసియా. తర్వాత వాళ్ళ చేతికే ఇచ్చేయండి.

కిటుకు అడిగారు కాబట్టి నేను కనిపెట్టింది చెప్తా, నవ్వకండి. గెలిచిన పాటల పేర్లు వరసగా రాసుకుని చూశా. 2010 ఆర్మేనియా పాట పేరు "మామా", అంటే అమ్మా అని, మన మావయ్య కాదు. 2022 ఫ్రాన్స్ ది "ఓ మమాఁ", అమ్మతో మాట్లాడే రాక్ అండ్ రోల్. 2024 మాడ్రిడ్ లో జార్జియా కుర్రాడు ఆండ్రియా పుత్కరాద్జె గెలిచింది "టు మై మామ్", దాంతో జార్జియాకి నాలుగు కప్పులు. అంటే అమ్మ ఖాతాలో మూడు. ఇంకోవైపు 2003లో డీనో పాడింది నువ్వే నా తొలి ప్రేమ అని, 2014లో ఇటలీ కుర్రాడు పాడింది కూడా దాదాపు అదే, నువ్వే తొలి గొప్ప ప్రేమ అని. తొలి ప్రేమ ఖాతాలో రెండు. పదకొండేళ్ళకి తొలి ప్రేమేంట్రా నీ మొహం అనుకున్నా కానీ మార్కులైతే పడ్డాయి.

నాన్న మీద గెలిచిన పాట పేరు కోసం మొత్తం లిస్టు రెండుసార్లు వెతికా. కనపళ్ళేదు. మీ పిల్లలకి ఎక్కడన్నా కనిపిస్తే రాయమనండి, వచ్చే నెల వంటగ్యాస్ జవాబు కిందే వేస్తా.